నిండుగా తిరిగొచ్చే బాటిల్

ఆగస్టు 4, సోమవారం

బాటిల్ ఇవాళ కూడా నిండుగానే తిరిగొచ్చింది. పొద్దున నేను మూత ఎంత బిగించానో సాయంత్రానికీ అంతే బిగువుగా ఉంది. సింకులో ఒంపేశాను. ఒంపుతుంటే ఒళ్లు మండిపోయింది.

నాన్న కాళ్లు కడుక్కుని వచ్చి, ఏమీ ఎరగనట్టు, "టీ ఎట్టమ్మా" అన్నాడు. ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. అలా దాచుకుంటే అది వణకదనుకుంటాడో, నాకు కనబడదనుకుంటాడో.

"నీళ్లెందుకు తాగలేదు?"

"దాహం ఎయ్యనేదు."

ఆదిత్యపూర్‌లో ఫ్యాక్టరీ రేకుల షెడ్డు, కప్పుకి ఆనుకుని క్రేను కేబిను, అందులో పొద్దుటినుంచి కూర్చున్న మనిషికి దాహం వెయ్యలేదట. నేనేమైనా పాలు తాగే పిల్లనా?

ఆగస్టు 5, మంగళవారం

నిండుగానే.

ఆగస్టు 7, గురువారం

రాత్రి కూరలో కావాలని కారం ఎక్కువేశాను, అలాగైనా నీళ్లు తాగుతాడని. అమ్మ, మా ఆయన మజ్జిగ మీద మజ్జిగ తాగారు. నాన్న ఒక్క చుక్క ముట్టలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా గ్లాసు వైపు చూడలేదు. ఇంత పట్టుదల ఇంకేదైనా మంచి పనికి వాడి ఉంటే ఎంత బాగుండేది.

పార్కిన్సన్స్ అని జూన్‌లో తేలింది. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలకరు. అమ్మ "నరాల నీరసం" అంటుంది. నాన్న అసలేమీ అనడు. డాక్టరు మాత్రం విడమరిచి చెప్పాడు. మాత్ర మింగగానే బుర్రకి వెళ్లిపోదు, పొట్ట దాటి పేగులోకి జారాలి, అక్కడినుంచి రక్తంలోకి, ఆ తరవాతే తలలోకి. మీ నాన్న పొట్ట మందకొడి, మాత్ర అక్కడే కూలబడి ఉంటుంది, పైన చెయ్యి దానికోసం ఎదురుచూస్తూ ఉంటుంది అన్నాడు. నీళ్లు బాగా తాగాలి, విరేచనం సాఫీగా కావాలి, మాత్ర తిండికి ముందే వేసుకోవాలి అన్నాడు.

తిండికి ముందు అనేసరికి అమ్మకి కోపం వచ్చింది. "కాలీ కడుపుతో మాత్రేసుకుంతే పేగులు కాలిపోవా? డాక్టరుకేటి, సెప్పెత్తాడు." గుడ్లు ఉడకబెట్టి, పాలు కాచి, అవి పడ్డాకే మాత్ర చేతిలో పెడుతుంది. ఆ గుడ్లూ పాలే మాత్రకి అడ్డం పడతాయని డాక్టరు చెప్పినప్పుడు తను పక్కనే కూర్చుని తల ఊపింది.

ఇక నాన్న. నీళ్లు తాగితే దిగాలి. దిగాలంటే హారన్ కొట్టాలి. హారన్ కొడితే కింద పని ఆగిపోతుంది, షెడ్డంతా తలెత్తి చూస్తుంది, ఎందుకు దిగుతున్నాడో అందరికీ తెలిసిపోతుంది. క్రేను వాళ్లకి అంతకన్నా నామర్దా లేదు. నాన్న ఉద్యోగంలో చేరిన నాటినుంచి షిఫ్టు మధ్యలో ఒక్కసారి కూడా హారన్ కొట్టి దిగలేదు. పెళ్లిళ్లలో, తద్దినాల్లో, ఎక్కడ పడితే అక్కడ అది మెడల్ చూపించినట్టు చెప్పుకుంటాడు.

ఆ మెడల్ ఆయన పేగుల్లో ఉంది. వారంలో రెండుసార్లు బాత్‌రూం తలుపేసుకుంటే ఇంట్లో ఇంకెవరికీ స్నానం లేదు. నా చిన్నప్పటినుంచీ అంతే. మేం దాని మీద జోకులు కూడా వేసుకునేవాళ్లం.

ఆగస్టు 9, శనివారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

నాన్న తన జబ్బు సంగతి కంపెనీలో చెప్పలేదు. ఆ చేత్తోనే లివర్లు తిప్పుతున్నాడు. కొక్కేనికి ఉక్కు రేకు చుట్టలు వేలాడుతుంటాయి. ఒక్కో చుట్ట ఒక లారీకి లోడు. కింద నిలబడి గొలుసులు తగిలించి, ఈలేసి సైగ చేసేది మా ఆయన అప్పలరాజు.

ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా నాన్నే.

ఆగస్టు 12, మంగళవారం

నేను పనిచేసే రక్తపరీక్షల లాబ్‌కి ఇవాళ సోనీ అనే అమ్మాయి వచ్చింది. ఏదో పరిశోధన సంస్థనుంచి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల రక్తం, మలం సేకరిస్తోంది. మా సాక్చి బజారు మొత్తంలో రక్తాన్ని వాళ్లకి కావలసినట్టు తిప్పి, మంచుకన్నా చల్లగా దాచే యంత్రాలు మా దగ్గరే ఉన్నాయట, అందుకని మా మేనేజరు ఆ పని నాకు అంటగట్టాడు. జీతం పెరగదు, పని మాత్రం పెరుగుతుంది.

దేనికోసం అని అడిగాను. పిల్ల ఓపికగా హిందీలో చెప్పింది. పేగుల్లో ఉన్న కణాలు, అక్కడుండే సూక్ష్మజీవులు కూడా, చిన్న చిన్న సంచుల్లాంటివి బయటికి వదుల్తుంటాయట. మామూలు మైక్రోస్కోపుకి కూడా అందనంత చిన్నవి. వెసికిల్స్ అంటారు. వాటి లోపల ప్రొటీన్లు, ఇంకా ఏవేవో కబుర్లు. రక్తంలో పడి ఒళ్లంతా తిరుగుతాయి. మెదడు చుట్టూ అందరినీ రానివ్వని కాపలా ఒకటి ఉంది, కొన్ని సంచులు దాన్ని కూడా దాటిపోతాయని అనుకుంటున్నారట. పార్కిన్సన్స్‌లో ఒక ప్రొటీను వంకరపోతుంది. ఆ వంకర సరుకు కొందరిలో పేగులోనే మొదలై, ఈ సంచుల్లో కూర్చుని, ఏళ్లకేళ్లు ప్రయాణం చేసి తలకి చేరుతుందా అన్నది వాళ్ల ప్రశ్న. చేరుతుందనీ కాదు, చేరదనీ కాదు. ఇంకా చూస్తున్నారు.

"అంటే చెయ్యి వణకడానికి ఎన్నో ఏళ్ల ముందే కడుపు చెబుతుందా?"

"చాలామందిలో మలబద్ధకం ముందే వస్తుంది దీదీ. అంతవరకు ఖాయం."

ట్యూబులు సర్దుతూనే ఉన్నాను. అన్నేళ్లు వేసుకున్న జోకులన్నీ గుర్తొచ్చాయి.

ఆగస్టు 13, బుధవారం

భోజనాల దగ్గర విషయం ఎత్తాను. కడుపులోంచి సంచులు తలకి వెళతాయనీ, పరీక్షకి నాన్న రక్తం, మలం ఇస్తే మంచిదనీ.

అమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "కడుపులోంచి బుర్రకి పార్సిల్లు ఎల్తాయంతేటే? ఎవులు కడతన్నారు?"

"ఎవరూ కట్టరమ్మా, వాటంతట అవే."

నాన్న కంచం ముందునుంచి లేచిపోయాడు. గుమ్మం దగ్గర ఆగి, "అది డబ్బాలో ఎట్టి ఆడపిల్ల సేతికిత్తానా? సిగ్గు నేదా నీకు?" అన్నాడు.

నాకు సిగ్గు లేదు. పొద్దుట లేస్తే ఊరందరివీ అవే డబ్బాలు పట్టుకుంటాను. పర్సుడీహ్ పేట కౌన్సిలరుది పట్టుకున్నాను, మా స్కూలు హెడ్‌మాస్టారిది పట్టుకున్నాను. కన్న తండ్రిది మాత్రం పట్టుకోకూడదట.

ఆగస్టు 19, మంగళవారం

బాటిల్ ఖాళీ! మూత తీసి తలకిందులు చేసి చూశాను. ఒక్క చుక్క రాలింది.

ఆగస్టు 20, బుధవారం

ఖాళీ. నాన్న ముందర ఏమీ అనలేదు. అంటే మళ్లీ మానేస్తాడు. లోపలికెళ్లి నాలో నేనే నవ్వుకున్నాను.

ఆగస్టు 23, శనివారం

రోజూ ఖాళీయే. బాత్‌రూం సంగతి మాత్రం మారలేదు. కాస్త టైం పడుతుంది. పడుతుంది కదా. అన్నేళ్ల నుంచీ బిగుసుకున్నది వారంలో వదులవుతుందా?

ఆగస్టు 27, బుధవారం

చవితి. ఉండ్రాళ్లు తింటూ మా ఆయన నోరు జారాడు.

"నువ్వు ఏసే నీళ్లలో సబ్జా గింజలు బాగున్నాయే" అన్నాడు.

నేను సబ్జా వేసింది ఒక్క నాన్న బాటిల్లోనే.

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఉండ్రం చేతిలోనే నలిగిపోయింది. "నీకెలా తెలుసు?"

"అరె, మావే ఇచ్చినాడు. గర్మీగుంది, తాగీరా అన్నాడు. నాను తాగీసినాను. అందులో ఏటున్నాది?"

అందులో ఏముందా! వారం రోజులుగా నేను నవ్వుకుంటున్న నవ్వుంది అందులో. ఒకడు తాగడు, ఇంకొకడు తాగి చెప్పడు. గొడవ పడ్డాను. పండగ పూట వీధంతా వినబడేలా పడ్డాను. అమ్మ నా నోరు మూయబోయింది. నాన్న గదిలోంచి బయటికి రాలేదు.

సెప్టెంబరు 1, సోమవారం

మా ఆయన ఇవాళ తిండి సరిగా తినలేదు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. చుట్ట గాల్లో ఉండగా నాన్న చెయ్యి ఆగిపోయిందట. చుట్ట ఊగుతూ అలాగే ఉండిపోయింది. తరవాత మెల్లిగా కదిలిందట.

"నువ్వెక్కడున్నావు?"

"ఇంకెక్కడ? కిందే."

"ఎన్నాళ్లుగా ఇలా?"

నేల చూస్తూ చెప్పాడు. జూన్‌కి ముందునుంచే. కింద పనిచేసేవాళ్లందరికీ తెలుసట. నాన్న ఎత్తేటప్పుడు వీళ్లు ఒక ఈలకి బదులు రెండు ఈలలేస్తారట, తొందరలేదు, ఆగి ఎత్తు అని. బరువైన చుట్టలు వేరే క్రేనుకి తోసేస్తారట. నాన్న క్రేను కింద నిలబడే వంతు ఎప్పుడూ మా ఆయనే తీసుకుంటాడట.

"ఎందుకు?"

"మావ కదా. ఇంకోణ్ణి నిలబెడతానేటి?"

ఇంత ప్రేమ నాకు అక్కర్లేదు. చెప్పాను కూడా. నా తాళిబొట్టు గాల్లో వేలాడదీసి మీరంతా ఈలలు వేసుకుంటున్నారా అన్నాను. "టెన్షన్ మత్ లే" అన్నాడు, కంగారు పడొద్దట. చెంబు విసిరాను. తగల్లేదు. తగలాలని విసరలేదు.

సెప్టెంబరు 3, బుధవారం

లాబ్‌కి సెలవు పెట్టి ఆదిత్యపూర్ వెళ్లాను, సేఫ్టీ ఆఫీసరుకి చెప్పేద్దామని. ఆయన లేడు. తిరిగొచ్చేశాను.

సెప్టెంబరు 4, గురువారం

ఆఫీసరు లేడు. ఉంటే చెప్పేదాన్నే.

సెప్టెంబరు 10, బుధవారం

సోనీని అడిగాను. క్రేను ఎక్కి, నీళ్లు మానేసి, బిగబట్టుకుని కూర్చోబట్టే కదా మా నాన్నకి ఇది వచ్చింది?

చెప్పలేం దీదీ అంది. బిగబట్టుకోవడం వల్ల మలబద్ధకం వచ్చి ఉండొచ్చు. లేదా జబ్బే అప్పటికే పేగుల్లో మొదలై మలబద్ధకం తెచ్చి ఉండొచ్చు. రెండూ కలిసి కూడా అయ్యుండొచ్చు.

"మీ పరీక్షలో తేలుతుందా?"

"ఒక్కొక్కరి సంగతి తేలదు. వందలమందిని కలిపి చూస్తాం. ఎవరి ఫలితం వాళ్లకి ఇవ్వం."

పాపం ఆ పిల్ల తప్పేమీ లేదు. అయినా ఆమె మీద కూడా కోపం వచ్చింది. నాకు కంపెనీ తప్పు కావాలి. మూత్రానికి కూడా మనిషిని దిగనివ్వని ఆ షెడ్డు తప్పు కావాలి. పైన ఒక దొడ్డి కట్టడం చేతకాని కాంట్రాక్టరు తప్పు కావాలి. వాళ్లు కట్టకపోవడం తప్పే, అది ఎప్పటికీ తప్పే. కానీ నాన్న చేతికి కారణం అదేనని రాసిచ్చే కాగితం ప్రపంచంలో ఎక్కడా దొరకదట. ఎవరి గొంతు పట్టుకోవాలో తెలియని కోపం ఇంట్లోవాళ్ల మీదే పడుతుంది. అమ్మ మీద అరిచాను, గుడ్లు ఉడకబెట్టినందుకు.

సెప్టెంబరు 11, గురువారం

అమ్మ ఇవాళ మాత్ర తిండికి ముందే ఇచ్చింది. నాతో మాట్లాడకుండా ఇచ్చింది. గుడ్లు సాయంత్రానికి మార్చింది.

సెప్టెంబరు 17, బుధవారం

విశ్వకర్మ పూజ. ఏడాదికి ఒక్కరోజే ఇంట్లోవాళ్లని ఆఫీసు గది దాటి షెడ్డులో తిరగనిస్తారు. అమ్మ పట్టుచీర కట్టుకుంది. క్రేను కొక్కేనికి బంతిపూల దండ, కింద విగ్రహం, ఖిచిడీ వడ్డన, చెవులు పగిలే పాటలు. యంత్రాలు ఆగాయి గనక నాన్న ధీమాగా తిరుగుతున్నాడు. ఎడమ చెయ్యి జేబులో.

"పైకెక్కుతాను" అన్నాను.

"నువ్వెక్కడెక్కుతావు, పడిపోతావు" అన్నాడు. తరవాత ఏమనుకున్నాడో, "ఎక్కు" అన్నాడు. నా వెనకే ఎక్కాడు.

కేబిను మా వంటింట్లో సగం కూడా ఉండదు. కుర్చీ, రెండు లివర్లు, చిన్న ఫ్యాను, అద్దానికి అంటించిన పైడితల్లమ్మ పటం. కాళ్లు చాపుకునే చోటు లేదు. నాన్న కుర్చీలో కూర్చుని ముందుకి చూశాను.

ముందు అద్దంలోంచి నేరుగా కిందికి సేఫ్టీ ఆఫీసరు గది కనిపించింది. దానికి కప్పు లేదు, నాలుగు రేకుల గోడలే. టేబులు, కుర్చీలు, టేబులు మీది టీ గ్లాసు కూడా కనిపించాయి.

వెనక్కి తిరగలేదు.

"ఆ రోజు సూసేను" అన్నాడు నాన్న వెనకనుంచి. "ఆకుపచ్చ సున్నీ కప్పుకున్నావు. ఆఫీసరు ముందల నిలబడినావు. ఆడు కుర్సీ సూపించినాడు. నువ్వు కూకోనేదు. ఏదో అడిగీసి ఎలిపోనావు."

క్యాంటీను ఎక్కడని అడిగాను ఆఫీసరుని. ఆయన ఉన్నాడు. ఎదురుగా ఉన్నాడు. నోరు తెరిస్తే అదే వచ్చింది.

"సెప్పీసినావనుకున్నాను" అన్నాడు నాన్న. "బోయినాల యేలకి పిలుత్తారు, దింపెత్తారనుకున్నాను. ఎవులూ పిలవనేదు." తరవాత గొంతు తగ్గించాడు. "పిలిత్తే బాగుణ్ణు అనుకున్నానమ్మా."

అప్పుడు వచ్చింది చూడాలి నాకు కోపం. ఇన్నాళ్లూ వచ్చినవన్నీ దానిముందు దిగదుడుపు. జన్మలో హారన్ కొట్టని మనిషి, తన బదులు కూతురు కొడుతుందేమోనని పైనుంచి చూస్తూ కూర్చున్నాడు. కింద అల్లుణ్ణి నిలబెట్టుకుని.

"నీకు దిగాలనుంటే నువ్వెందుకు దిగలేదు? నీ చెయ్యి, నీ నోరు, నీ హారను! నేను చెప్పాలా?"

కింద పాటల హోరులో ఎవరికీ వినబడలేదు. ఆయనకి వినబడింది.

"దిగడం సేత కానేదు" అన్నాడు. "అలవాటు నేదు."

ఏడుపొచ్చింది. ఏడవలేదు. సంచిలోంచి బాటిల్ తీసి ఆయన చేతిలో పెట్టాను. ఎడమ చేత్తోనే పట్టుకున్నాడు, దాచుకోకుండా. సగం నీళ్లు చొక్కా మీద పడ్డాయి. మిగతా సగం తాగాడు.

"నేను ఎవరికీ చెప్పను నాన్నా. నువ్వే దిగు" అన్నాను.

సెప్టెంబరు 19, శుక్రవారం

పొద్దున బాటిల్ తనే అడిగి తీసుకున్నాడు.

సాయంత్రం మా ఆయన బండి దిగుతూనే వీధిలోంచి అరిచాడు. "మావ హారన్ కొట్టీసినాడే!"

చుట్ట గాల్లో ఉందట. ఎడమ చెయ్యి బిగుసుకుపోయింది. నాన్న కుడిచేత్తోనే మెల్లిగా, చాలా మెల్లిగా, చుట్టని దుంగల మీదికి దించాడు. అది దుంగల మీద కుదురుకున్నాక హారన్ కొట్టాడు. ఆపకుండా కొట్టాడు. షెడ్డులో ప్రతి మనిషీ చేతిలో పని వదిలేసి తలెత్తి చూశాడట, ఏదో ప్రమాదం జరిగిందని. నాన్న నిచ్చెన దిగొచ్చాడు. సూపర్వైజరు పరుగెత్తుకొచ్చి "క్యా హువా చాచా?" అని, ఏమైందని అడిగితే, "పేట్" అన్నాడట, కడుపు పట్టుకుని.

షెడ్డంతా నవ్విందట. చప్పట్లు కూడా కొట్టారట. పోలరాజు చాచా, అంటే మా నాన్న, ఆఖరికి దిగాడని.

మా ఆయన కూడా నవ్వుతూనే చెప్పాడు. చెప్తూ చెప్తూ నవ్వు ఆపేశాడు. "నాను ఆ సుట్ట కిందే ఉన్నానే" అన్నాడు. మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఈసారి విసరడానికి నాకు చెంబు దొరకలేదు. పక్కన కూర్చున్నాను.

నాన్న ఆలస్యంగా లోపలికొచ్చాడు. "సెయ్యి నిలిసిపోనాదమ్మా" అన్నాడు. "కడుపు అని సెప్పీసినాను."

బతుకంతా దేనికి సిగ్గుపడి దిగలేదో, ఇవాళ దాన్నే నలుగురిలో చెప్పుకుని దిగాడు, రెండోదాన్ని దాచుకోడానికి.

"రేపు ఆ రెండోది కూడా చెప్పు" అన్నాను. గొంతు కఠినంగానే వచ్చింది. రానిచ్చాను.

సెప్టెంబరు 20, శనివారం

చెప్పాడు. నేను రేకు గోడ ఇవతల నిలబడి విన్నాను. "సాహబ్, హాత్ కాంప్‌తా హై. బీమారీ హై." చెయ్యి వణుకుతోంది, జబ్బుంది. అంతే, రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలకి మా ఇంట్లో ఇన్ని నెలల యుద్ధం.

క్రేను పాసు తీసేసుకున్నారు. కింద వేరే పని ఇస్తారో ఇంటికి పొమ్మంటారో డాక్టరు కాగితం చూశాక చెబుతారట. పైన దొడ్డి ఎందుకు లేదని లోపలికెళ్లి ఆఫీసరుని నేనే అడిగాను. పై వాళ్లకి రాస్తానన్నాడు. రాయకపోతే మళ్లీ వస్తానన్నాను. ఈసారి కుర్చీలో కూర్చునే అన్నాను.

మా ఆయన బండి నేనే నడుపుతూ తిరిగొస్తుంటే నాన్న వెనకనుంచి నా భుజం పట్టుకున్నాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. అది అలాగే ఉంటుంది, నాకు తెలుసు.

సెప్టెంబరు 22, సోమవారం

పొద్దున లాబ్‌కి బయల్దేరుతుంటే నాన్న గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో సాక్చి మిఠాయి దుకాణం సంచి. లోపల న్యూస్ పేపరు చుట్టిన డబ్బా. ముఖం గోడవైపు తిప్పుకుని నా చేతికిచ్చాడు.

"మీ నాన్న పార్సిలు" అంది అమ్మ వంటింట్లోంచి. నాన్న ఆమెని ఒక చూపు చూశాడు.

డబ్బా మీద అంటించే చీటీలో పేరు, వయసు రాశాను. మలబద్ధకం ఎప్పటినుంచి అని ఒక గడి ఉంది. అడిగాను.

"క్రేను ఎక్కినకాడ్నుంచి" అన్నాడు.

అదే రాశాను. దాన్నిబట్టి ఎవరినీ పట్టుకోలేమని తెలిసీ రాశాను. వందలమంది గడుల్లో ఇది కూడా ఒకటిగా ఉండనీ. షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కనున్న ముసలావిడ సంచి మీద దుకాణం పేరు చదివి, ఏం మిఠాయి అని అడిగింది. మా నాన్నకి సంబంధించిందని చెప్పాను.

సాయంత్రం ఇంటికొచ్చి బాటిల్ చూశాను. ఖాళీగా ఉంది. ఈసారి నమ్మలేదు. ఎవరు తాగారని అమ్మని నిలదీశాను. మీ నాన్నే అంది. మా ఆయన్ని కూడా అడిగాను. ఒట్టేశాడు.

మళ్లీ నింపి నాన్న ముందు పెట్టాను.